నారు, నాటు, ఊడ్పు: ఒక తోటమాటకు తెలుగునాట చరిత్ర

ఇంగ్లీషు తోటపని గ్రంథాలు తిరుగవేసే వారికి తరచు ఎదురయ్యే క్రియ ఒకటి ఉన్నది: ‘ప్లాంట్ అవుట్’. చూపునకు రెండే చిన్న మాటలు. ‘ప్లాంట్’ అంటే నాటడం. ‘అవుట్’ అంటే వెలుపల. రెండూ కలిపి ‘వెలుపల నాటడం’ అని తెలుగు చేస్తే వ్యాకరణానికి లోటేమీ ఉండదు. కాని ఆ మాట విన్న రైతు ‘దేనికి వెలుపల?’ అని అడుగుతాడు. ఆ ప్రశ్న న్యాయమైనది. దానికి సమాధానం వెదకబోతే భాషాచరిత్రలోనూ, సేద్యచరిత్రలోనూ, మన హైదరాబాదు నగరచరిత్రలోనూ కొంతదూరం నడవవలసి వస్తుంది. ఈ ప్రసంగంలో ఆ దారినే శ్రోతలతో కలిసి నడువదలచినాము.

ముందు ఇంగ్లీషువారి సంగతి. వారిది చలిదేశం. వసంతం ముదిరి మంచు పడే భయం తీరేదాకా సుకుమారమైన విత్తనాన్ని ఆరుబయట వేయడానికి వీలు లేదు. అందుచేత అద్దాల ఇంటిలోనో, కిటికీ పక్కన తొట్టిలోనో మొలకెత్తించి, ఎండకాలం రాగానే మొక్కలను బయటి నేలకు మారుస్తారు. ‘అవుట్’ అనే మాటకు అర్థం అదే: ఇంటికి వెలుపల. 1845లో బ్రిటన్‌లో గాజుమీద పన్ను రద్దయిన తరువాత అద్దాల ఇండ్లు చవుక అయినవి. వేలకొలది పూలమొక్కలను లోపల పెంచి ఒక్కసారిగా బయట మళ్ళలో పరచే వేడుక ఆ దేశంలో బలిసినది. దానికి ‘బెడ్ అవుట్’ అని పేరు.

ఈ కుటుంబంలో మాటలు ఇంకా ఉన్నవి. తొట్టిలో ఒత్తుగా లేచిన లేత మొలకలను పుల్లతో పెకలించి మరొక తొట్టిలో ఎడమెడముగా పెట్టడం ‘ప్రిక్ అవుట్’. కుండీలోని మొక్కను అంతకంటె పెద్ద కుండీకి మార్చడం ‘పాట్ ఆన్’. నర్సరీవారు పిల్లమొక్కలను పెరుగుదల కోసం వరుసలలో పెట్టడం ‘లైన్ అవుట్’. నాటడానికి నేల సిద్ధం కానప్పుడు వేళ్ళు ఎండిపోకుండా తాత్కాలికంగా మట్టి కప్పి ఉంచడం ‘హీల్ ఇన్’. బయటి గాలికి, చలికి మొక్కను క్రమంగా అలవాటు చేయడం ‘హార్డెన్ ఆఫ్’. ‘సెట్ అవుట్’, ‘ట్రాన్స్‌ప్లాంట్’ అనేవి ‘ప్లాంట్ అవుట్’కు చాలా దగ్గరి చుట్టాలు. అయితే ‘ట్రాన్స్‌ప్లాంట్’లో చోటు మారడం ముఖ్యం, ‘ప్లాంట్ అవుట్’లో ఆరుబయటికి రావడం ముఖ్యం. విచిత్రమేమంటే, పూర్వం ఇదే ‘ప్లాంట్ అవుట్’కు మరొక అర్థం కూడా ఉండేది: చూడనొల్లని గోడనో, పొరుగింటినో కనబడకుండా చెట్లు పెంచి మరుగుపరచడం. మాటలు కూడా మొక్కల వంటివే. పాతుకొన్న నేలనుబట్టి అర్థం మారుతూ ఉంటుంది.

ఈ పర్యాయపదాల పట్టికతో మనకేమి పని అని శ్రోతలు అనుకోవచ్చును. పని ఉన్నది. సైఫాబాదులోని మా కేంద్రం నుండి నాంపల్లి పబ్లిక్ గార్డెన్స్‌కు నడిచి పోవచ్చును. ఉద్యానశాఖవారి రాష్ట్ర కార్యాలయం ఆ తోటలోనే ఉన్నది. శాస్త్రజ్ఞులు ఇంగ్లీషులో వ్రాసిన సూచనలు తెలుగై మైక్రోఫోను ముందుకు వస్తవి. అక్కడ ఒక క్రియాపదం తప్పితే, వినేవాని పొలంలో ఒక పని తప్పవచ్చును. సాహిత్యవ్యాసంలో పర్యాయపదం అలంకారం కావచ్చును. వ్యవసాయ ప్రసారంలో అది పంటకు సంబంధించిన వ్యవహారం.

తోట అనే మాటకు ఈ నగరంలో గౌరవం పాతది. పదిహేడవ శతాబ్దంలో గోలకొండ రాజ్యానికి వచ్చిన ఫ్రెంచి యాత్రికుడు తావెర్నియే ఈ నగరాన్ని బాగ్‌నగర్ అనే పేరుతోనే పేర్కొన్నాడు. బషీర్‌బాగ్, జాంబాగ్, బాగ్‌లింగంపల్లి అనే పేట పేర్లలో తోట నేటికీ నిలిచి ఉన్నది. తోటలు మాత్రం చాలావరకు పోయినవి. మిగిలినవాటిలో పెద్దది నాంపల్లిలోని ‘బాగ్-ఎ-ఆమ్’, అనగా ప్రజల తోట. ఆరవ నిజాం మహబూబ్ అలీఖాన్ నలుబదవ ఏడు నిండిన సందర్భానికి 1905లో పునాది వేసి 1913లో పూర్తిచేసిన టౌన్‌హాలు ఆ తోట అంచునే ఉన్నది; అదే తరువాత శాసనసభా భవనం అయినది. తోటకు ఒక పక్క 1907 నాటి నాంపల్లి రైలుస్టేషను, మరికొంత దూరంలో 1935లో కట్టిన మొజంజాహి మార్కెట్టు, దానికి ఆవల అబిడ్స్. ఆరవ నిజాం కొలువులో ఉండిన ఆల్బర్ట్ ఆబిద్ పెట్టిన దుకాణం పేరే ఆ పేటకు నిలిచిపోయినది.

ఈ కొద్దిపాటి దూరంలో ఎన్ని భాషలు ఒకదానితో ఒకటి ఒరుసుకొన్నవో చూడండి. తోటను ‘బాగ్’ అన్నది పారసీ. తోటమాలిని ‘బాగ్‌బాన్’ అన్నది కూడా అదే. మడిని ‘క్యారీ’ అనీ, కుండీని ‘గమ్లా’ అనీ, కొమ్మ కత్తిరించి నాటడాన్నీ, అంటు కట్టడాన్నీ ‘ఖలమ్ లగానా’ అనీ ఉర్దూలో అంటారు. ‘లగానా’ అనే ఒక్క క్రియ అక్కడ సర్వార్థసాధకం: మొక్క లగానా, తోట లగానా, ఖలమ్ లగానా. ఇంగ్లీషుకు పదిమాటలు కావలసినచోట ఉర్దూ ఒక మాటతో నెట్టుకొని వస్తుంది. తెలుగు ఈ రెంటిలో దేనినీ అనుసరించదు. మన భాషలో పనినిబట్టి మాత్రమే కాదు, చేతిలో ఉన్న వస్తువునుబట్టి క్రియ మారుతుంది.

విత్తనం అయితే విత్తుతాము, చల్లుతాము, లేదా వేస్తాము. గొర్రుతో అయితే ఎదపెడతాము. పత్తిగింజ, గుమ్మడిగింజ వంటివాటిని ఒక్కొక్కటిగా పెడతాము. నారును మాత్రం పోస్తాము. నీరు పోసినట్లే నారు పోయడం. ఈ రెండు పోయడాలను జతచేసినందువల్లనే ‘నారు పోసినవాడు నీరు పోయకపోతాడా’ అనే సామెతకు అంత బలం వచ్చినది. గుంజ అయితే పాతుతాము. కొమ్మను వంచి మట్టి కప్పి వేరు పట్టించడం అంటు తొక్కడం. రెండు కొమ్మలు కలిపి కట్టడం అంటు కట్టడం. చెరకు ముచ్చెలు, అరటి పిలకలు, వంగ, మిరప, పొగాకు నారు, ఇవన్నీ నాటుతాము. ఇందులో ఒక క్రియను మరొకదాని చోట పెట్టి చూడండి. ‘నారు విత్తినాడు’ అంటే నవ్వుతారు. ‘గుంజ నాటినాడు’ అంటే అర్థం తెలిసినా పల్లెటూరి చెవికి కొంత కొత్తగా తోస్తుంది. నిఘంటువులో పర్యాయపదాలుగా కనబడేవి నోటిలో పర్యాయపదాలు కావు.

వీటిలో ‘నాటు’ చాల పురాతనమైనది. తమిళంలో ‘నడు’, మలయాళంలో ‘నడుక’, కన్నడంలో ‘నడు’, ‘నెడు’ అనేవి దీని తోబుట్టువులు. 1961లో బరో, ఎమెనో అనే పండితులు ఆక్స్‌ఫర్డ్ నుండి ప్రకటించిన ద్రావిడ వ్యుత్పత్తి నిఘంటువులో ఈ మాటలన్నీ ఒకచోట కనబడుతవి. ‘నారు’కు కూడా తమిళ మలయాళాలలో జ్ఞాతులు ఉన్నవి, ‘విత్తు’కు తమిళంలో ‘విత్తు’, కన్నడంలో ‘బిత్తు’ ఉన్నవి. అనగా ఈ భాషలు మాట్లాడే జనం వేరుపడి వేరు వేరు సీమలలో స్థిరపడకముందే విత్తడం, నాటడం అనే పనులు వారి నోట ఉన్నవన్నమాట. రాజుల పేర్లు, యుద్ధాల తేదీలు లేని చరిత్ర ఇది. అయినా ఏ శాసనానికీ తీసిపోదు.

‘నాటు’ అనే మాటలో రెండు అర్థాలు కలిసి ఉన్నవి: మొక్కను నిలపడం, మొన దిగబడడం. కావ్యాలలో బాణాలు నాటుతవి. కాలిలో ముల్లు నాటుకొంటుంది. మంచిమాట మనసులో నాటుకొంటుంది. వ్రేలితో నొక్కి బురదలోకి దించే చర్య ఈ క్రియలో సహజంగానే ఉన్నది. ఈ సంగతి జ్ఞాపకం ఉంచుకోవలసినదిగా మనవి. ప్రసంగం చివర మళ్ళీ అవసరపడుతుంది. ఇకపోతే నాటుకోడి, నాటువైద్యం అనేచోట ఉన్న ‘నాటు’ వేరు. అది ‘నాడు’ అనే దేశవాచకం నుండి వచ్చినది. పల్లెపట్టుది, దేశవాళీది అని దాని భావం. 2023లో ఆస్కారు బహుమానం పొందిన ‘నాటు నాటు’ పాట పేరులో ఉన్నది ఈ రెండవ నాటే.

ఇంగ్లీషువారి ‘ప్లాంట్ అవుట్’కు సరిగా సరిపోయే పని మన దేశంలో ఏది? ప్రధానంగా వరినాటు. ఎకరం పొలానికి సుమారు అయిదు సెంట్లలో నారుమడి సిద్ధంచేసి, మొలక చల్లి, ఇరవైయైదు ముప్పది రోజులు పెంచి, నారు పీకి కట్టలు కట్టి, బురదగా దున్నిన పెద్దమడిలో కుదుళ్ళుగా పెట్టడం. కాని ఇక్కడ లోపలా వెలుపలా అనే భేదం లేదు. నారుమడికీ, పొలానికీ ఆకాశం ఒకటే. ఇంగ్లీషు తోటమాలి ఇంటినుండి బయటికి చూస్తాడు. తెలుగు రైతు మడినుండి మడికి చూస్తాడు. అందువల్ల మన మాటలు ‘బయట’ను పట్టించుకోక, పీకడాన్నీ నిలపడాన్నీ పట్టుకొన్నవి.

అయితే ఆ పట్టుకోవడంలో సీమలు రెండు దారులు తొక్కినవి. గోదావరి, కృష్ణా డెల్టాలలో ఈ పనికి ఊడ్పు అని పేరు. నారుకు ‘ఆకు’ అనీ, నారుమడికి ‘ఆకుమడి’ అనీ అక్కడ వ్యవహారం. ఆకు తీస్తారు, దమ్ము చేస్తారు, ఊడుస్తారు. తెలంగాణంలో ఊడ్పు లేదు, నాటు ఉన్నది. ‘నాటేస్తున్నరు’, ‘నాట్లు పడ్డయి’ అంటారు. నాటే స్త్రీలు పట్టిన వరుసకు ‘మునుం’ అని పేరు. నారుకోసం వేసే విత్తనానికి, ఆ మడికి ‘తుకం’ అంటారు. పారసీ భాషలో ‘తుఖ్మ్’ అంటే విత్తనం. నిజాం రాజ్యంలో కచేరీ భాష మొదట పారసీ, తరువాత ఉర్దూ. ‘తుకం’లో ఆ మాట ప్రతిధ్వని వినబడుతుంది. రెవెన్యూ లెక్కలలోని ఆబీ, తాబీ అనే వరి పంటకాలాల పేర్లు కూడా అట్టివే: ఆబ్ అంటే నీరు, తాబ్ అంటే వేడిమి. అదే పంటకాలాలకు తెలంగాణపు పల్లెలో వానకాలం, యాసంగి అన్నారు. కోస్తాలో సార్వా, దాళ్వా అన్నారు. ఒకే వరి, ఒకే బురద, ఒకే వంగిన నడుము. పేర్లు మాత్రం వేరు.

ఈ భేదం రేడియోకు సమస్య అయినది. 1930ల తొలినాళ్ళలో అబిడ్స్‌లోని చిరాగ్ అలీ లేన్‌లో మహబూబ్ అలీ అనే ఔత్సాహికుడు మొదలుపెట్టిన చిన్న ప్రసారకేంద్రం, 1935లో నిజాం ప్రభుత్వం చేతికి వచ్చి దక్కన్ రేడియో అయినది. 1950 ఏప్రిల్ 1న అది ఆకాశవాణిలో చేరినది. విజయవాడ కేంద్రం అంతకుముందే, 1948 డిసెంబరు 1న ప్రారంభమైనది. 1956 నవంబరు 1న రెండు తెలుగు సీమలు ఒక రాష్ట్రం కాగానే, ఒక కేంద్రం మాటను మరొక సీమ రైతు కూడా వినే పరిస్థితి ఏర్పడినది. ‘ఊడ్చడం’ అంటే తెలంగాణపు చెవికి చీపురు పట్టి వాకిలి చిమ్మడమే. ‘పొలం ఊడ్చిన మూడవవారం ఎరువు వేయవలెను’ అని వినిపిస్తే కరీంనగరం పల్లెలోని శ్రోత ఏమనుకోవలె? అట్లే ‘తుకం పోసిన తరువాత’ అంటే తణుకు పక్కనున్న శ్రోత ఏమి గ్రహించవలె? ఎవరి మాటా తప్పు కాదు. కాని ఇద్దరిలో ఒకరికి అర్థం కాని మాట, వారి మట్టుకు చెప్పని మాటతో సమానం.

ఇట్టి చిక్కులో నిఘంటువును ఆశ్రయించడం సహజం. ఆదివారంనాడు అబిడ్స్ కాలిబాటల మీద పరచిన పాత పుస్తకాల కుప్పలలో వెదికే అలవాటున్నవారికి ఆ నిఘంటువులు పరిచితాలే. సి.పి. బ్రౌన్ తెలుగు–ఇంగ్లీషు నిఘంటువు 1852 నాటిది. వ్యవహారంలోని మాటలకు అందులో ఆయన ఇచ్చిన చోటు మెచ్చదగినది. కాని ఆయన కొలువు చేసినవి కడప, మచిలీపట్నం, రాజమహేంద్రవరం. నిజాం రాజ్యపు పల్లెలు ఆయన తిరిగిన నేల కాదు. 1885లో వెలువడిన బహుజనపల్లి సీతారామాచార్యులవారి శబ్దరత్నాకరం కావ్యప్రయోగాలను నమ్ముకొన్నది. పిఠాపురం మహారాజావారి పోషణలో జయంతి రామయ్య పంతులుగారి యత్నంతో మొదలై 1936లో ప్రథమ సంపుటం వెలువడిన సూర్యరాయాంధ్ర నిఘంటువు అంతకంటె విస్తారమైనది. దానికీ గ్రంథస్థమైన భాషే ప్రధానం. కవి వాడిన మాటకు సాక్ష్యం దొరుకుతుంది. నాటువేసే స్త్రీ వాడిన మాటకు దొరకదు. వారిది ఉదాసీనత అని అనబోము. వారు ఎంచుకొన్న హద్దు అది.

శాస్త్రాలను దేశభాషలోకి తేవలెనన్న ప్రయత్నం ఈ నగరంలోనే రెండు మార్గాలలో జరిగినది. 1906లో కొమర్రాజు లక్ష్మణరావు, గాడిచర్ల హరిసర్వోత్తమరావు, రావిచెట్టు రంగారావుగార్లు ఇక్కడ విజ్ఞానచంద్రికా మండలిని స్థాపించి, చరిత్ర, ప్రకృతిశాస్త్రాలు తెలుగులో రావడానికి బాట వేసినారు. 1908లో మండలి మద్రాసుకు తరలిపోయినది. 1917లో నిజాం ప్రభుత్వం దారుల్‌తర్జుమా అనే అనువాదశాఖను నెలకొల్పినది. 1918లో ఏర్పడి, అబిడ్స్‌కు ఆనుకొని ఉన్న గన్‌ఫౌండ్రీలో తొలి తరగతులు నడిపిన ఉస్మానియా విశ్వవిద్యాలయానికి ఉర్దూలో పాఠ్యగ్రంథాలు సమకూర్చడం దాని పని. ఆ పండితులు అరబ్బీ, పారసీ ధాతువులనుండి పారిభాషిక పదాలు పోతపోసినారు. మన పండితులు సంస్కృతం నుండి పోతపోసినారు. పద్ధతి ఒకటే, మూస వేరు. రెండుచోట్లా పొలంలో అప్పటికే ఉన్న మాటను అడిగినవారు తక్కువ.

అడిగిన ఘనత 1957లో స్థాపితమైన ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీది. భద్రిరాజు కృష్ణమూర్తిగారి సంపాదకత్వంలో మాండలిక వృత్తిపదకోశం ప్రథమ సంపుటం 1962లో వెలువడినది. దాని విషయం వ్యవసాయం. రాష్ట్రంలోని జిల్లాల పల్లెలకు పోయి, రైతులను అడిగి, నాగలిలోని ఒక్కొక్క భాగానికి, సేద్యంలోని ఒక్కొక్క పనికి ఏ ఊరిలో ఏమంటారో వ్రాసుకొని కూర్చిన కోశం అది. రాయలసీమలో మడక అయినది మరొకచోట నాగలి ఎట్లయినదో అందులో తెలుస్తుంది. ఆ పదాల వ్యాప్తినిబట్టి తెలుగునాటిని పూర్వ, దక్షిణ, ఉత్తర, మధ్య మండలాలుగా కృష్ణమూర్తిగారు గుర్తించినారు. 1971లో చేనేతను గూర్చిన సంపుటం వచ్చినది. భాషకు ప్రమాణం పుస్తకంలోనే కాక పనిచేసే చేతిలో కూడా ఉన్నదని తెలుగులో ఒక పెద్ద గ్రంథం అంగీకరించడం అదొక మలుపు. 1983లో అకాడమీ రద్దయినది. 1985 డిసెంబరు 2న ఏర్పడిన తెలుగు విశ్వవిద్యాలయం ఆ పనులకు వారసురాలు అయినది. నాంపల్లి పబ్లిక్ గార్డెన్స్ ప్రాంగణమే దానికి నెలవు అయినది. తరువాత దానికి సురవరం ప్రతాపరెడ్డిగారి పేరు పెట్టినారు. పాతకావ్యాలలో జనజీవనపు మాటలను వెదికి పట్టి 1949లో ఆంధ్రుల సాంఘిక చరిత్ర వ్రాసిన ఆయన పేరు అక్కడ ఉండడం ఉచితం.

ఇప్పుడు మొదటి మాటకు వస్తాము. క్రియాపదం తప్పితే పంటకు నష్టమా? మూడు సందర్భాలు చూడండి. 1953లో మన దేశంలో జపానుపద్ధతి వరిసాగు ప్రచారం సాగినది. అందులో ముఖ్యసూత్రం వరుసలలో నాటడం. అదివరకు ‘నాటు’ అంటే చేతికి వచ్చినట్లు నాటడమే; ఇప్పుడు ‘వరుసనాటు’ అని విశేషణం చేర్చవలసి వచ్చినది. పాతమాట చాలలేదు, కాని పాతమాటే పునాది అయినది. 1966లో అధికదిగుబడి వంగడాల కార్యక్రమంతోపాటు ఆకాశవాణి కొన్ని కేంద్రాలలో వ్యవసాయ ప్రసారాలకు ప్రత్యేక విభాగాలు ఏర్పరచినది. తమిళనాడులోని తంజావూరు ప్రాంతంలో ఒక కొత్త వరిని రైతులు ‘రేడియో వరి’ అని పిలిచినారు. విన్న మాటనుబట్టి విత్తనం వేసినారన్నమాట. ఆ పేరు ప్రసారకులకు బిరుదు వంటిది, దానిలో హెచ్చరిక కూడా ఉన్నది.

మూడవది ‘శ్రీ’ సాగు. మడగాస్కర్‌లో లొలానియే అనే ఫ్రెంచి మతగురువు 1980లలో రూపొందించిన ఈ పద్ధతి 2003 వానకాలంలో మన రైతుల పొలాలకు వచ్చినది. ఎకరానికి రెండు కిలోల విత్తనం చాలును. ఎనిమిది మొదలు పన్నెండు రోజుల లేతనారును, గింజ, మట్టి ఊడిపోకుండా తీసి, ఇరవైయైదు సెంటీమీటర్ల ఎడంతో ఒక్కొక్క మొక్కగా పెట్టవలెను. లోతుకు నొక్కరాదు, నొక్కితే వేరు పైకి వంగి, మొక్క తేరుకోవడానికి ఆలస్యమవుతుంది. ఇక్కడ ‘నాటండి’ అని చెప్పితే ఏమవుతుంది? ‘నాటు’లో బాణం నాటిన అర్థం దాగి ఉన్నదని ఇందాక మనవి చేసినాము. తరతరాల అలవాటుపడిన వ్రేలు ఆ మాట వినగానే బురదలోకి దిగుతుంది. ‘పైపైన పెట్టండి’ అని చెప్పితే చేయి తేలికపడుతుంది. ఇంగ్లీషులో రెండింటికీ ఒకే ‘ప్లాంట్’ సరిపోయినది. తెలుగులో గింజకు వాడే ‘పెట్టు’ను లేతమొక్కకు తెచ్చుకొంటేనే సరి అయిన పని జరుగుతుంది. సరి అయిన తెలుగు అంటే సంస్కృతసమాసం కాదు, ఇంగ్లీషుకు బింబమూ కాదు; చేతికి చెప్పవలసిన పనిని చెప్పే మాట.

ఈ దృష్టితో ‘ప్లాంట్ అవుట్’కు ఒకే అనువాదం లేదని మా అభిప్రాయం. వరి విషయంలో, తెలంగాణపు శ్రోతకు ‘నాటు వేయడం’. డెల్టా శ్రోతకు ‘ఊడ్పు’. ఇద్దరూ వినేచోట ‘నారు తీసి నాటడం’. ఈ చివరిది రెండు సీమలలోనూ తెలుస్తుంది. పీకడం, నిలపడం రెండూ అందులో ఉన్నవి. పూలతోట విషయంలో ‘కుండీలోని మొక్కను నేలలోకి మార్చి నాటడం’ అని నాలుగు మాటలు ఎక్కువ వాడినా నష్టం లేదు. ‘ప్రిక్ అవుట్’కు ‘ఒత్తునారును పలుచన చేసి ఎడంగా పెట్టడం’, ‘హీల్ ఇన్’కు ‘వేళ్ళకు మట్టి కప్పి ఉంచడం’ అనవచ్చును. పనిని వర్ణించే మాట ఉన్నప్పుడు పేరుకోసం తొందరపడనక్కరలేదు.

తొందరపడవలసినది మరొకటి ఉన్నది. డ్రమ్ సీడరుతో నేరుగా విత్తే పొలంలో నారుమడి ఉండదు, నారు తీయడం ఉండదు, మునుం ఉండదు. యంత్రంతో నాటేచోట నారు మడిలో కాక పళ్ళెంలో పెరుగుతుంది. ఇటీవలి సంవత్సరాలలో బెంగాల్, బీహారుల నుండి వచ్చిన కూలీలు తెలంగాణపు పొలాలలో నాట్లు వేస్తున్నారు. వారి నోట ఈ పనికి వారి భాషలోని మాటలు ఉంటవి. ఇందులో దేనినీ ఆక్షేపించలేము. నడుములు విరిగే పని తగ్గడం మంచిదే. కాని పనితోపాటు పనిమాట కూడా పోతుంది. నాటు తెలిసిన స్త్రీలు నేడు వృద్ధులవుతున్నారు. వారి మనుమరాండ్రు నగరాలలో చదువుకొంటున్నారు. 1962లో వ్రాసుకొనకపోయిన మాట ఏదైనా ఉంటే, దానిని వ్రాసుకోవడానికి మిగిలిన కాలం స్వల్పం.

రేడియో చేసే పనికి ఇంగ్లీషులో ఉన్న పేరు ‘బ్రాడ్‌కాస్ట్’. ఇరవయ్యవ శతాబ్దపు ఇరవయ్యవ దశకంలో గాలిలోని మాటకు పేరు కావలసివచ్చినప్పుడు వారు దానిని వ్యవసాయం నుండి తెచ్చుకొన్నారు. అంతకు నూరేండ్లకు పైగా ఆ మాటకు అర్థం చేతితో విత్తనం చల్లడం. తెలుగులో దానికి అచ్చమైన మాట వెదజల్లడం. వెద అంటే విత్తనమే. మనం మాత్రం సంస్కృతం నుండి ‘ప్రసారం’ తెచ్చుకొన్నాము; అది స్థిరపడినది, దానిని మార్చనక్కరలేదు. కాని వెదజల్లినది ఏ మడిలో పడినదో, మొలిచినదో లేదో చల్లినవాడు చూడలేడు. చూడగలిగినది శ్రోతయే.

అందుచేత శ్రోతలకు ఒక్క విన్నపం. మీ ఊరిలో నారు పోయడం మొదలు నాటు తేరుకొనేవరకు ఏ పనికి ఏ మాట అంటారో, మీ ఇంటిలోని పెద్దవారిని, ముఖ్యంగా ఆడవారిని అడిగి, ఊరిపేరుతోసహా మా కేంద్రానికి వ్రాసి పంపండి. అక్షరదోషాలు లెక్కచేయనక్కరలేదు, వారు పలికినట్లే వ్రాయండి. ఆ మాటలను రానున్న వ్యవసాయ ప్రసారాలలో వాడుకొంటాము.